పెద్దాడు లోపలే ఉండిపోయాడు

కిందటి వారం మనం గాలిమేడమ్‌ని ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? నగరం నడిబొడ్డున, పాత బస్సు డిపో పడగొట్టిన చోట లేస్తున్న ఫుట్‌బాల్ స్టేడియంలో, ఆటగాళ్ళు పరుగెత్తుకొచ్చే సొరంగం చివర, నోరు తెరిచి నిలబడి ఉండగా వదిలేశాం. వారం రోజులు ఆ నోరు అలాగే తెరిచి ఉంచినందుకు ఆవిడ మనల్ని క్షమించాలి. ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

ఈ స్టేడియానికి పైకప్పు ఉంటుంది గానీ, ఆ కప్పును మోసే స్తంభం ఒక్కటీ ఉండదు. స్తంభాలుంటే వాటి వెనక కూర్చున్నవాడు గోల్ పడినప్పుడల్లా పక్కవాణ్ణి "ఏమైంది, ఏమైంది" అని అడుక్కోవాలని, మన ఇంజనీరు ప్లానులోనే వాటిని పీకి పారేసింది. కప్పంతా గుడ్డ. చినుకు దిగని, తెల్లటి, మందపాటి గుడ్డ. చుట్టూ గోడల మీద ఉక్కు రింగు, ఆ రింగుకి బిగించిన గుడ్డ, దాని మీద ఉక్కు తాళ్ళ వల. లోపల బ్లోయర్లు గాలి నింపితే ఆ గాలే కప్పును ఎత్తి పట్టుకుంటుంది. మంచం మీద దుప్పటి దులిపి పరిచేటప్పుడు కింద గాలి చేరి ఒక్క క్షణం ఉబ్బుతుంది కదా, ఆ క్షణాన్ని ఏళ్ళ తరబడి నిలబెట్టడం ఆవిడ పని. నగరసభలో ఈ ప్లాను పరిచిన రోజున వెనక బెంచీలోంచి ఎవరో "ఇది గాలిమేడ" అన్నారు. సభంతా నవ్వింది. సైటులో కూలీలు ఆ మాటని కాస్త సాగదీసి ఆవిడకే పేరు పెట్టేశారు. ఆవిడ కోప్పడలేదు సరికదా, హెల్మెట్ మీద ఆ పేరే రాయించుకుంది.

ఇవాళ కప్పు లేపే రోజు. లేపి తీరాల్సిన రోజు కూడా. మధ్యాహ్నం దాటాక పెద్దగాలి వస్తుందని వాతావరణ శాఖ వాళ్ళు చెప్పారు. గాలి నిండి బిగుసుకున్న గుడ్డకి ఆ గాలి ఒక లెక్క కాదు. వదులుగా వేలాడుతున్న గుడ్డని మాత్రం అది పీలికలు చేసి నాలుగు వీధుల అవతల పారేస్తుంది. దాంతో పాటే ఆవిడ ఇన్నేళ్ళ చాకిరీ. అందుకే అన్నీ సిద్ధం చేసుకుని, ఆఖరుసారి మైదానం చూసుకుందామని సొరంగంలోంచి బయటికొచ్చింది గాలిమేడమ్. నట్టనడుమ పసుపు పచ్చ క్రేన్ నిలబడి ఉంది. అది ఆవిడ మొగుడి క్రేన్.

నోరు తెరిచింది అందుకే. ఇక మూయించేద్దాం.

"ఇది ఇంకా ఇక్కడే ఉందేంటండీ?" అంది.

భర్త క్యాబిన్ అద్దం తుడుస్తున్నాడు. సైటులో భార్యని 'మేడమ్' అనీ 'మీరు' అనీ పిలవడం ఆయన పెట్టుకున్న నియమం. ఇంటికెళ్ళి బూట్లు విప్పాకే 'నువ్వు'.

"తీసేస్తున్నా మేడమ్. రేపు పొద్దున్నే వంతెన పని దగ్గర ఉండాలి. కాస్త గేటు తీయించండి, వెళ్ళిపోతా."

"ఏ గేటు?"

"నేను లోపలికొచ్చిన గేటు. ఇంకే గేటు?"

గాలిమేడమ్ గుండె జారి బూట్లలోకి వచ్చింది. "ఆ గేటు ఇప్పుడు లేదండీ" అంది.

ఆయన నవ్వాడు. హాస్యమాడుతోందనుకున్నాడు. ఆవిడ నవ్వకపోయేసరికి గుడ్డ భుజాన వేసుకుని, క్యాబిన్ దిగి, మైదానానికి అడ్డంగా నడుచుకుంటూ వెళ్ళి చూసొచ్చాడు. వెళ్ళేటప్పుడు నడక, వచ్చేటప్పుడు పరుగు.

జరిగింది ఇది. పెద్ద గేటు ఉంటే దాని సందుల్లోంచి గాలి కారిపోతోందని లెక్కల్లో తేలింది. ఆవిడ దాన్ని సగానికి కుదించి, ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు పెట్టించింది. ఒకటి మూశాకే రెండోది తెరుచుకుంటుంది, లోపలి గాలి లోపలే ఉంటుంది. మిగతా సగానికి కాంక్రీటు గోడ పోసేశారు. మంచి ఆలోచనే. లారీ పడుతుంది, అంబులెన్స్ పడుతుంది. క్రేన్ మాత్రం పట్టదు.

"నాకు చెప్పాలా వద్దా?" అన్నాడు ఆయన.

"సోమవారం మీటింగులో చెప్పాను కదండీ!"

"సోమవారం నేను పైన తాళ్ళు ఎత్తుతున్నా. రోజూ సొరంగంలోంచి నడిచొచ్చేవాణ్ణి, ఆ గేటు వైపు చూసే పనేముంది? మీటింగులో కూర్చునే పనైతే క్రేన్ ఎందుకు కొంటాను?"

"మేస్త్రీ చెప్పుంటాడనుకున్నా."

గోడ కట్టిన మేస్త్రీ అప్పటికే పక్కన చేరి నీళ్ళు నములుతున్నాడు. "మేడమ్ ఇంట్లో చెప్పుకునే ఉంటారనుకున్నానండీ. ఒకే ఇంట్లో ఉంటారు కదా, నేను చెప్పడం బాగోదని..."

మేస్త్రీ ఒక్కడేనా? సైటు మొత్తం అలాగే అనుకుంది. మొగుడూ పెళ్ళాలు, రాత్రి ఎలాగూ మాట్లాడుకుంటారులే అని ఎవరి నోరు వాళ్ళు కట్టేసుకున్నారు. కానీ ఆ ఇంట్లో సంగతి వేరు. గాలిమేడమ్ అత్తగారి శాసనం ఒకటుంది: గడప దాటి లోపలికొచ్చాక సైటు మాటెత్తినవాళ్ళు ఆ పూట గిన్నెలు తోమాలి. పొద్దస్తమానం ఇనుమూ సిమెంటూ వినలేక చావలేక పెట్టిందా శాసనం పెద్దావిడ. ఇద్దరికీ గిన్నెలంటే పరమ అసహ్యం. అందుకని ఇంట్లో వాతావరణం గురించీ, పక్కింటి కుక్క గురించీ మాట్లాడుకున్నారు. గేటు గురించి నగరంలో తెలియని మనిషి ఒక్కడే మిగిలాడు, వాడు ఆవిడ పక్కనే పడుకుని గురక పెడుతున్నాడు.

"విప్పి ముక్కలుగా తీసుకెళ్ళలేమా?" అంది ఆశగా.

"విప్పొచ్చు. దాన్ని విప్పాలంటే ఇంకో క్రేన్ కావాలి."

"తెప్పిద్దాం."

"ఎట్నుంచి?"

మేస్త్రీ ఫక్కున నవ్వి, ఇద్దరూ ఒకేసారి తిరిగి చూసేసరికి దగ్గుగా మార్చుకున్నాడు.

ఈలోగా స్టేడియం కమిటీ అధ్యక్షుడు వచ్చాడు. ఎక్కడ రిబ్బను కనిపించినా కత్తిరించకుండా ఉండలేని మనిషి, సొంత కత్తెర జేబులోనే ఉంటుంది, అందుకని అందరూ ఆయన్ని కత్తెర బాబాయ్ అంటారు, వెనకాల. బయట విలేకరులు, కెమెరాలు, చుట్టుపక్కల ఆఫీసు కిటికీలన్నిటా తలకాయలు. ఆయన ముఖం పెళ్ళివారి ముఖంలా వెలిగిపోతోంది. విషయం విన్నాక ఆ దీపం ఆరింది.

"గోడ పగలగొట్టండి! ఇప్పుడే! నా మైదానంలో క్రేన్ పెట్టుకుని ఆటెలా ఆడిస్తారమ్మా? దానికి గోల్‌కీపర్ చొక్కా వేస్తారా?"

"పగలగొడితే ఇవాళ కప్పు లేవదండీ" అంది గాలిమేడమ్. "అంత కంత ఉంటే గాలి నిలవదు. మళ్ళీ గోడ పోసి, అది గట్టిపడి, తలుపులు బిగించేదాకా గుడ్డ ఇలా వేలాడుతుంది. మధ్యాహ్నం వచ్చే గాలికి గుడ్డే మిగలదు."

"మరి క్రేన్?"

అందరూ క్రేనాయన వైపు చూశారు. ఆ క్రేన్ అంటే ఇనుము కాదు ఆయనకి. వాళ్ళ నాన్న చనిపోయిన ఏడాది, తనే ఉన్నదంతా ఊడ్చి కొన్నాడు. పిల్లలు పుట్టక ముందే అది ఇంటికొచ్చిందని అత్తగారే దానికి 'పెద్దాడు' అని పేరు పెట్టింది. "పెద్దాడు ఇంకా రాలేదేంటి" అని సాయంత్రాలు వీధి వైపు చూసేది. చిన్నవాళ్ళిద్దరి చదువూ, అద్దె లేని ఇల్లూ అన్నీ పెద్దాడి కష్టమే. రేపు వంతెన దగ్గర ఆ క్రేన్ కోసం ఓ పెద్ద గుంపు ఎదురుచూస్తూ ఉంటుంది. రాకపోతే ఇంకోడి క్రేన్ వస్తుంది. ఆ పని పోతే మళ్ళీ అలాంటి పని ఎప్పుడొస్తుందో.

"మేడమ్ గారూ" అన్నాడు. 'గారు' చేరిందంటే కోపం నెత్తికెక్కిందని అర్థం. "మీ కప్పు గాలి మీద నిలబడుతుందేమో. నా ఇల్లు మాత్రం దీని మీద నిలబడింది."

నా ఇల్లు అన్నాడు. ఆ ఒక్క మాట ఆవిడకి చురుక్కున తగిలింది. సభ నవ్వినప్పుడు కూడా రాని నీళ్ళు కళ్ళలోకి వచ్చేశాయి. నలుగురూ చూస్తున్నారని కూడా చూసుకోలేదు.

"తప్పు నాదేనండీ" అంది. "గేటు కుదించింది నేను. మేస్త్రీకీ చెప్పాను, పెయింటర్లకీ చెప్పాను, టికెట్లు అచ్చేసేవాళ్ళక్కూడా చెప్పాను. మీకు చెప్పలేదు. గిన్నెలు తోమాల్సొస్తుందని కాదు. మీకెలాగూ తెలిసే ఉంటుందిలే అనుకున్నా. ఎప్పుడూ అలాగే అనుకుంటా. ఇప్పుడు మీరు గోడ పగలగొట్టమంటే పగలగొట్టిస్తా. ఒట్టు. కప్పు సంగతి నేను చూసుకుంటా."

ఎలా చూసుకుంటుంది? చూసుకోవడానికేమీ మిగలదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, ఆయనకీ తెలుసు.

ఆయన తలెత్తి పైకి చూశాడు. తెల్లటి గుడ్డ గిన్నెలా కిందికి జారి వేలాడుతోంది. దాన్ని మడతలు మడతలుగా పైకి ఎత్తింది ఆయనే, ఈ క్రేన్‌తోనే. క్యాబిన్ ఎక్కాడు. ఇంజన్ గర్జించింది. అందరూ పక్కకి తప్పుకున్నారు. క్రేన్ మెల్లగా కదిలి, గేటు వైపు కాదు, పడమటి మూలకి పోయింది. రింగు కింద, గుడ్డ ఎంత ఊగినా తగలని చోట నిలిచింది. బూమ్, అంటే పైకి చాచే ఆ పొడుగాటి ఉక్కు దూలం, వంగి నేలకి ఆనింది. ఆయన దిగి ఫోన్ తీశాడు.

"రేపు రాలేనండీ... లేదండీ, బండి బాగానే ఉంది. మా ఆవిడ లోపల పెట్టి తాళం వేసేసింది."

ఫోన్ జేబులో పెట్టుకుని భార్య ముందుకొచ్చి నిలబడ్డాడు. హెల్మెట్ సరిచేశాడు. అందరి ముందూ, సైటులో, బూట్లు కాళ్ళకుండగానే అన్నాడు:

"లేపు."

ఆ తర్వాత ఎవరికీ ఊపిరి పీల్చుకునే తీరిక లేదు. గాలిమేడమ్ వాకీటాకీలో అరిచింది. తూర్పు వైపు బ్లోయర్లు మొదలయ్యాయి, వాటి వెనక పడమటివి. ముందు ఏదో దూరంగా బస్సు వస్తున్న చప్పుడు, తర్వాత ఆ బస్సు చెవుల్లోంచే పోతున్నట్టు మోత. మైదానం మీది దుమ్ము లేచింది. సిమెంటు సంచులు పిల్లుల్లా దొర్లాయి. కత్తెర బాబాయ్ ప్రసంగం కాగితాలు ఎగిరి పై వరస కుర్చీల్లో కూర్చున్నాయి, ఆయన వాటి వెనక పరుగెత్తాడు.

గుడ్డ కదిలింది.

ముందు అంచుల్లో చిన్న వణుకు. తర్వాత నడుమన ఓ బుడగ లేచి, పడి, మళ్ళీ లేచింది. ఇదే ప్రాణం తీసే ఘట్టం. పూర్తిగా లేవని గుడ్డ ఇటూ అటూ కొట్టుకుంటూ చప్పట్లు చరుస్తుంటే, ఉక్కు తాళ్ళు రింగు మీద కీచుమంటుంటే, ఎక్కడ తెగుతుందో ఎవరికీ తెలియదు. "ఇంకో జత వెయ్యండి! ఇంకో జత!" అని అరిచింది గాలిమేడమ్. గొంతు పోయింది, చేతులతో సైగ చేసింది. గిన్నె లోతు తగ్గింది. పళ్ళెమైంది. పళ్ళెం బల్లపరుపయింది. ఒక్క క్షణం నగరం మీద తెల్లకాగితం పరిచినట్టు నిలిచింది. అప్పుడు ధన్‌మని, ఫిరంగి పేలినట్టు చప్పుడు చేస్తూ గుడ్డంతా పైకి తిరగబడి, ఉబ్బి, నిలిచిపోయింది.

లోపలంతా వెలుగు. ఎండ గుడ్డలోంచి వడబోసుకుని పాలలా పడుతోంది. ఎవరికీ నీడల్లేవు. ఒక్కసారిగా కూలీలందరూ అరిచారు, హెల్మెట్లు గాల్లోకి ఎగిరాయి. బయట బస్సులు ఆగి హారన్లు మోగిస్తున్నాయి. మేస్త్రీ ఎవరినో కావిలించుకుని చూసుకుంటే అది కత్తెర బాబాయ్. గాలిమేడమ్ నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియలేదు. భర్త భుజం పట్టుకుని ఊపేసింది. "నిలబడిందండీ! నిలబడింది!"

"చూశాలే" అన్నాడు ఆయన.

అప్పుడు ఆవిడ చూపు గోడ మీది మీటరు మీద పడింది. లోపలి గాలి ఒత్తిడి చూపించే ముల్లు గీత దగ్గర నిలవాలి. నిలవడం లేదు. మెల్లమెల్లగా వెనక్కి జారుతోంది. తలుపులన్నీ మూసే ఉన్నాయని తలుపుల వాళ్ళు చెప్పారు. మరి గాలి ఎటు పోతోంది?

వాకీటాకీ గరగరమంది. "అమ్మాయ్, నేను. కంగారు పడకు."

అతుకుల పిన్ని. టార్పాలిన్లు అతికే దుకాణం నడిపి నడిపి, ఈ కప్పులో అతుకులన్నీ తన మనుషులతో వేయించిన మనిషి. భారీ మనిషి. ఆవిడ రింగు మీది నడకదారిలో నడిస్తే రింగు వంగుతుందని కుర్రకారు ఎగతాళి చేసేవాళ్ళు.

"ఎక్కడున్నావ్ పిన్నీ? బ్లోయర్లు వేసేముందే అందర్నీ దిగమన్నాంగా!"

"రింగు దగ్గరే ఉన్నా. ఇందాక కొట్టుకున్నప్పుడు పడమటి అంచులో గుడ్డ బోల్టుకి రాసుకుని అతుకు విడింది. చేతి పొడుగుంది. ఇంకా విడుతుంటే ఏం చెయ్యాలో తోచక వెళ్ళి దాని మీద కూర్చున్నా."

"కూర్చున్నావా?!"

"కూర్చున్నా. నడుముకి తాడుంది, నాకేం కాదు. నేను లేస్తే మాత్రం ఇది ఎంత దూరం పోతుందో చెప్పలేను. ఇంకో మాట. ఇక్కడ గాలి మొదలైంది. చెప్పిన టైముకంటే ముందే వచ్చేసింది."

పై నుంచి అతుకు వేయాలంటే పిన్ని లేవాలి. లేస్తే చీలిక పరుగెడుతుంది. కింది నుంచి వేస్తే ఆ బాధ లేదు, జిగురు పూసిన గుడ్డ ముక్కని కాసేపు అదిమి పట్టుకుంటే చాలు, అతుక్కున్నాక లోపలి గాలే దాన్ని నొక్కి ఉంచుతుంది. కానీ అంత ఎత్తుకి కింది నుంచి ఎవరు చేరతారు? ఏ నిచ్చెన అందుతుంది?

భార్యాభర్తలిద్దరూ ఒకేసారి పడమటి మూలకి చూశారు.

"అమ్మో, వద్దు" అంది ఆవిడ. "గుడ్డకి మనిషెత్తు దూరంలోకి ఉక్కు రాకూడదని నేనే రూలు పెట్టా."

"అరచెయ్యంత దూరంలో ఆపుతా."

"ఆపగలరా?"

"ఆపకపోతే అడుగు." అప్పటికే బూమ్ కొసకి మనిషి నిలబడే బుట్ట బిగిస్తున్నాడు. "ఒక్కరికే చోటు. పిన్ని మనుషులంతా బయటే ఉండిపోయారు. ఎవరెక్కుతారు?"

జవాబు చెప్పే లోపే గాలిమేడమ్ జిగురు డబ్బా, గుడ్డ ముక్క పట్టుకుని బుట్టలో ఉంది.

"ఈ మోతలో వాకీటాకీ వినపడదు" అన్నాడు ఆయన. "నీ చెయ్యే చూస్తా. నువ్వు ఎత్తేదాకా పైకి లేపుతా. ఎత్తి ఉంచితే ఆపి ఉంచుతా. దించితే దించుతా. సరేనా?"

"సరే."

బూమ్ లేచింది. కుర్చీల వరసలు ఒక్కొక్కటే కిందికి జారిపోయాయి. ఆవిడకి భయం వేయలేదు. తను కాగితం మీద గీసిన గీత ఇంత దగ్గరగా, ఇంత తెల్లగా, ఊపిరి పీలుస్తున్నట్టు ఎదురుగా ఉంటే సంతోషంతో ఒళ్ళు జలదరించింది. నెత్తి మీద, వెలుగుతున్న గుడ్డలో, గుండ్రటి పెద్ద నీడ. పిన్ని. ఆ నీడ అంచునే ఈల వేస్తూ గాలి పోతోంది. ఆవిడ ఓ చెయ్యి ఎత్తింది. బూమ్ ఠక్కున ఆగింది. దాని ఉక్కు ముక్కుకీ గుడ్డకీ మధ్య సరిగ్గా అరచెయ్యంత సందు. మాటంటే మాటే ఆయనది.

జిగురు పూసి, గుడ్డ ముక్కని చీలిక మీద రెండు అరచేతులతోనూ పైకి అదిమింది. ఈల ఆగిపోయింది. పై నుంచి పిన్ని సంతోషంగా ఏదో అంది, వినపడలేదు. జిగురు పట్టేదాకా అలా నొక్కి ఉంచాలి. చేతులు తీయకూడదు.

అప్పుడు వచ్చింది పెద్దగాలి. పడమటి నుంచి, నేరుగా, ఒక్క తోపు. కప్పు మొత్తం మూలిగింది. నిండుగా ఉబ్బి ఉన్న గుడ్డ అటు వైపు లోపలికి నొక్కుకుపోయింది. ఉక్కు ముక్కు దగ్గర అరచేతి సందు నాలుగు వేళ్ళయింది. రెండు వేళ్ళయింది.

"దించండి!" అని అరిచింది గాలిమేడమ్. "ఏవండీ! దించండి!"

బ్లోయర్ల మోతలో ఆ అరుపు ఆవిడ చెవికే చేరలేదు. కింద క్యాబిన్‌లో ఆయన రెప్ప వేయకుండా పైకి చూస్తున్నాడు. ఆయనకి కనిపిస్తున్నవి పైకెత్తి ఉన్న రెండు చేతులు. మీట మీద వేళ్ళు బిగించి, బూమ్‌ని వెంట్రుక వాసి కూడా కదలకుండా, చెప్పింది చెప్పినట్టు ఆపి ఉంచాడు.